చెంబెడు నీటిలో సముద్రపు చేపల లెక్క

గేదెను మడుగులో నిలిపి గట్టుమీద బేరమాడరాదని మన పెద్దలు చెప్పుదురు. వస్తువును కన్నులారా చూడక వెల నిర్ణయించువాడు మోసపోవునని దాని భావము. కాని లోకమున ఒక గొప్ప వృత్తి యంతయు ఇట్టి బేరముమీదనే నడచుచున్నది. అది సముద్రమున చేపల వేట. కడలిలోపల ఏ జాతి చేప ఎంత యున్నదో ఎవరును చూచినవారు లేరు. అయినను ఈ సంవత్సరము ఇన్ని టన్నులు పట్టవచ్చును, ఇన్ని దినములు వేట మానవలెను అని ప్రభుత్వములు నిర్ణయింపక తప్పదు. ఆ నిర్ణయమునకు లెక్క కావలెను. లెక్క తప్పినచో ఏమి యగునో చూపుటకు కెనడా దేశపు కాడ్ చేప కథ యొక్కటి చాలును.

కాడ్ చేప పేరు మన యిండ్లలో దాని కాలేయపు నూనె మూలముననే తెలియును. కెనడా తూర్పు తీరమందలి న్యూఫౌండ్లండు ద్వీపవాసులకు మాత్రము అది తరతరముల అన్నము. 1968వ సంవత్సరమున ఆ ప్రాంతపు సముద్రములో పట్టిన కాడ్ 8 లక్షల టన్నులు దాటినది. అటుపిమ్మట పట్టుబడి వేగముగా తగ్గజొచ్చెను. 1977లో కెనడా తన తీరమునుండి 200 మైళ్ల వరకు గల సముద్రమును స్వాధీనపరచుకొని, విదేశీ నౌకలను అదుపులో నుంచి, ఇక చేప వృద్ధిపొందునని ఆశించెను.

శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టిరి. ఆ లెక్కలకు గల ఆధారములలో ఒకటి, పెద్ద ట్రాలరు నౌకలు గంటసేపు వల లాగినచో ఎంత చేప పడుచున్నదను అంకె. ఆ అంకె తగ్గలేదు. కనుక చేపయు తగ్గలేదని తలచిరి. నిజమునకు చేప తగ్గుచునే యుండెను. మిగిలినది కొన్ని తావులలో గుంపులుగా చేరెను. ఆ గుంపులను వెదకిపట్టు యంత్రములు నౌకలపై నానాటికి మెరుగగుచుండెను. అందుచేత చివరి గుంపులు దొరకునంతవరకు వలలు నిండుచునే యుండెను. తీరమున చిన్న పడవలపై వేటాడువారు మాత్రము చేప చిన్నదగుచున్నదనియు, వలలు తేలికగా వచ్చుచున్నవనియు మొరపెట్టుకొనిరి. వారి మాటకు చాలకాలము విలువ దొరకలేదు. తుదకు 1992వ సంవత్సరము జూలై 2వ తేదీన ప్రభుత్వము కాడ్ వేటను నిషేధించెను. సుమారు 30 వేలమంది పని కోల్పోయిరి. రెండేండ్ల కొరకని ప్రకటించిన ఆ నిషేధము 2024వ సంవత్సరమువరకు సాగినది.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. అచ్చట లెక్కలు లేకపోలేదు. లెక్క కట్టగల పండితులును లేకపోలేదు. ఉన్న సాక్ష్యములు ఒకదానితో నొకటి పొసగలేదు. ఏది నిజమో తేల్చుటకు వేరొక సాక్షి దొరకలేదు. అట్టి క్రొత్త సాక్షి యొకటి ఇటీవలి సంవత్సరములలో సముద్రశాస్త్రమునకు లభించినది. అది సముద్రపు నీరే. నీటిని ముంచి, అందలి చేపల జాడలను చదువు ఈ విద్యకు పరిసర డి.ఎన్.ఏ. పరీక్ష యని పేరు. అదెట్లు పనిచేయునో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో వివరింపవలెనని మా యుద్దేశము.

ముందుగా పాత పద్ధతులను తలచుకొందము. మొదటిది రేవులో లెక్కించుట. 1947లో స్థాపితమై, కొచ్చిలో ప్రధాన కార్యాలయము గల మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నమున ప్రాంతీయ కేంద్రము కలదు. ఈ సంస్థవారు తీరమందలి రేవులలో కొన్నిటిని, కొన్ని దినములను నమూనాగా నెన్నుకొని, పడవలనుండి దిగిన చేపను జాతివారీగా లెక్కించి, దానినిబట్టి మొత్తము పట్టుబడిని అంచనా వేయుదురు. ఇది ఎంతయు అవసరమైన పని. కాని ఇది పట్టిన చేప లెక్క. నీటిలో మిగిలిన చేపను దీనినిబట్టి ఊహింపవలసినదే.

రెండవది పరిశోధక నౌకపై బోయి, ముందుగా నిర్ణయించిన తావులలో, నిర్ణయించినంత సేపు వల లాగి పడిన చేపను తూచుట. ఇది మేలైన పద్ధతియే. అయినను రాతినేలపై వల సాగదు. వేగము గల పెద్ద చేప వలకు చిక్కదు. చిక్కిన చేప బ్రతుకదు. నౌకకు, సిబ్బందికి అగు వ్యయము మిక్కుటము. మూడవది శబ్దపద్ధతి. నౌక అడుగునుండి నీటిలోనికి ధ్వనిని పంపి, చేపల గుంపులను తాకి మరలివచ్చు ప్రతిధ్వనిని కొలుతురు. గుంపు ఎంత పెద్దదో దీనివలన తెలియును. అది ఏ జాతి గుంపో నిశ్చయముగా తెలియుటకు మరల వల దింపవలసినదే.

ఇక క్రొత్త పద్ధతి. చేప నీటిలో తిరుగునంతసేపు తన జాడలను విడుచుచునే యుండును. దాని యొడలిపై జిగురు కరగును, పొలుసు రాలును, మలము పడును, ఈనిక కాలమున గ్రుడ్లు, రేతస్సు నీట కలియును. వీనిలో నెల్ల ఆ చేప కణములు గలవు. కణము కణమునందును డి.ఎన్.ఏ. అను పొడవైన సన్నని పోగు కలదు. ఏ, టి, జి, సి అను నాలుగే అక్షరములతో ప్రకృతి ఆ పోగుపై వ్రాసిన వ్రాత జాతి జాతికిని భేదించును. చందువ వ్రాత వేరు, వంజరము వ్రాత వేరు, కవ్వల వ్రాత వేరు. ఇంటికి వచ్చి పోయినవారెవరో గుమ్మమున పడిన అడుగుజాడ చెప్పినట్లు, ఈ వ్రాతలోని చిన్న తునక దొరకినను ఆ చేప ఆ నీటిని దాటిపోయినదని చెప్పవచ్చును.

చేయు పని ఇట్లుండును. సముద్రములో వలసిన లోతునకు సీసాను దింపి ఒకటి రెండు లీటర్ల నీరు తెత్తురు. ఆ నీటిని మిల్లీమీటరులో వేయవవంతుకన్న చిన్న రంధ్రములు గల వడపోత కాగితముగుండ పంపుదురు. నీరు పోవును, కంటికి కానరాని కణములు, వాని శకలములు కాగితముపై నిలుచును. రసాయనములతో ఆ కాగితమునుండి డి.ఎన్.ఏ.ను వేరుచేయుదురు. లభించునది మిక్కిలి స్వల్పము. అందుచేత దానిని పెంపుచేయవలెను. అందులకు పి.సి.ఆర్. అను ప్రక్రియ కలదు. కరోనా వ్యాధి దినములలో ముక్కునుండి నమూనా తీసి చేసిన ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్షవలన ఈ పేరు ఇంటింటికి తెలిసినది. ఇందు ఒక తునక రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ఇట్లు 30 తడవలు రెట్టించినచో ఒక్క తునకనుండి నూరు కోట్లకు పైగా ప్రతులు వచ్చును. చదరంగపు గడులలో గింజలను రెట్టించుచు పోసిన కథను విన్నవారికి ఇది వింతగా తోపదు.

ఈ ప్రతులను యంత్రము అక్షరమక్షరముగా చదువును. చదివిన వ్రాతను, ముందే గుర్తుపట్టి నమోదుచేసిన చేపల పట్టికతో పోల్చి చూతురు. సరిపోయిన చేప పేరు తెలియును. ఒక్క చెంబెడు నీటిలో పదుల జాతుల వ్రాతలు కలసియుండినను యంత్రము వేరువేరుగా చదువగలదు.

ఈ విద్యకు తొలి పరీక్ష సముద్రమున జరుగలేదు. 2008లో ఫ్రాన్సు దేశపు చెరువులలో అమెరికానుండి వచ్చి చేరిన పెద్దకప్ప యున్నదా లేదా యని నీటినిబట్టియే తేల్చవచ్చునని శాస్త్రజ్ఞులు చూపిరి. చెరువు చిన్నది, నీరు కదలనిది. అనంతమైన సముద్రములో ఈ జాడలు పలుచనై కలసిపోవా యను సందేహము మిగిలెను. దానికి 2012లో డెన్మార్కునుండి సమాధానము వచ్చెను. షేక్స్పియరు హామ్లెట్ నాటకమునకు రంగస్థలముగా నెన్నుకొన్న ఎల్సినోరు కోట ప్రక్కన ఒక జలసంధి కలదు. అచ్చట అరలీటరు చొప్పున ముంచిన మూడు నమూనాలలో 15 జాతుల చేపల జాడలు దొరకెను. మనుజులు నిత్యము తినునవి అందు గలవు. ఆ ప్రాంతమునకు అరుదుగా వచ్చు పిల్చర్డు అను కవ్వవంటి చేపయు గలదు. అచ్చటనే ఆచరణలో నున్న తొమ్మిది పాత పద్ధతులతో పోల్చి చూడగా, చెంబెడు నీరు వానిలో దేనికిని తీసిపోలేదు. చేప వెడలిపోయిన పిమ్మట ఆ జాడ సముద్రపు నీటిలో కొలది దినములకే నశించునని కూడ తెలిసెను. ఇది ఒక లోపమువలె తోచును గాని నిజమునకు గుణము. జాడ ఏండ్ల తరబడి నిలిచినచో నేటి చేప ఏదో, పాత చేప ఏదో తెలియకపోవును గదా!

సమాధానము ముందే తెలిసిన లెక్కతో విద్యార్థిని పరీక్షించినట్లు, జపాను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని పరీక్షించిరి. ఒకినావా ద్వీపమున చురౌమి అను గొప్ప జలచరశాల కలదు. దాని తొట్లలో ఏయే చేపలున్నవో జాబితా సిద్ధముగా నున్నది. 2015లో ప్రకటించిన ఆ పరిశోధనయందు నాలుగు తొట్ల నీటిని పరీక్షింపగా, 180 జాతులలో 168 జాతులు పట్టుబడెను. నూటికి 93 మార్కులు! ఇందుకై వారు చేపలన్నిటియందును దాదాపు సమానముగా నుండి, నడుమ సుమారు 170 అక్షరముల మేర మాత్రము జాతి జాతికి మారు తునకను ఎన్నుకొనిరి. మైఫిష్ అను ఆ పద్ధతి నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. పిదప జపానులోని మైజురు అఖాతమున 47 తావుల నీటిని ఒక్క దినములో ముంచి పరీక్షించిరి; 128 జాతులు తెలిసెను. అచ్చటనే 14 సంవత్సరములలో 140 తడవలు మునిగి కంటితో చూచి వ్రాసిన జాబితా యొకటి యుండెను. అందలి జాతులలో నూటికి 62కు పైగా ఆ ఒక్క దినపు నీటిలో దొరకెను. మునిగినవారికి కనబడని జాతులును దొరకెను. కంటికి కనబడినవి కొన్ని నీటిలో దొరకలేదనియు ఇందువలననే తెలియుచున్నది. రెండు పద్ధతులును ఒకదాని కొకటి తోడే గాని, ఒకటి రెండవదానిని కొట్టివేయలేదు.

ఏ జాతి యున్నదను ప్రశ్నకు ఇట్లు జవాబు దొరకినది. కాని న్యూఫౌండ్లండు జాలరికి కావలసిన ప్రశ్న అది కాదు. కాడ్ ఉన్నదని అందరకు తెలియును, ఎంత యున్నది? ఇదియే కఠినమైన ప్రశ్న. 2016లో ప్రకటించిన యొక పరిశోధనలో, గ్రీన్లండు నైరుతి సముద్రమున 188 మొదలు 918 మీటర్ల లోతువరకు నీరు ముంచి, అదే తావుల ట్రాలు వలలో పడిన చేపతో పోల్చి చూచిరి. 26 కుటుంబముల చేపలు రెంటియందును కనబడెను. మూడు కుటుంబములు నీటిలో మాత్రమే, రెండు వలలో మాత్రమే కనబడెను. వలలో ఎక్కువ బరువు తూగిన ముఖ్యజాతులే నీటియందును ఎక్కువ జాడలను చూపెను. ఒక్క విషయమున మాత్రము రెంటికి పొత్తు కుదురలేదు. గ్రీన్లండు సొరచేప వలలో ఒక్కటే పడెను. నీటిలో దాని జాడలు మెండుగా నుండెను. ఆ పెద్ద చేప వల రాకను గ్రహించి తప్పుకొనుచున్నదని యనుకొనుట సహజము. వల చెప్పని మాటను నీరు చెప్పెను.

కాడ్ చేప విషయమునను పరీక్ష జరిగెను. స్కాట్లండునకును ఐస్లండునకును నడుమనున్న ఫారో దీవుల చుట్టును వలల సర్వేతోపాటు నీటిని పరీక్షించి, ఏ ప్రాంతమున కాడ్ బరువు అధికమో ఆ ప్రాంతపు నీట దాని డి.ఎన్.ఏ. అధికమని 2019లో ప్రకటించిరి. అదే సంవత్సరము అమెరికా పశ్చిమతీరమున ఇంతకన్న పెద్ద ప్రయత్నము జరిగెను. కాడ్ చేపకు దూరపు చుట్టమైన హేక్ అను చేప ఆ తీరమున గొప్ప వేటకు ఆధారము. 86 వేల చదరపు కిలోమీటర్ల సముద్రమున, 500 మీటర్ల లోతువరకు, శబ్దపద్ధతితో సర్వే చేయు నౌకమీదనే నీటిని గూడ సేకరించిరి. 2022లో వెలువడిన ఫలితము ఇది: ఒక్కొక్క తావును విడిగా చూచినచో రెండు లెక్కలకు తేడాలు కలవు, తీరమంతటిని కలిపి చూచినచో ఎచ్చట చేప యెక్కువ, ఎచ్చట తక్కువ యను విషయమున రెండును ఒక్కటే చిత్రమును చూపెను.

ఇంత చెప్పిన పిమ్మట హద్దులను గూడ చెప్పకుండుట న్యాయము కాదు. నీరు ఒకచోట నిలువదు. ప్రవాహము జాడను మోసికొనిపోవును గనుక, జాడ దొరకిన తావుననే చేప యున్నదనుట సాహసము. జాడలన్నియు ప్రాణముతో నున్న చేపవే కావు. మైజురు అఖాతముననే కానగంతవంటి యొక చేపను గూర్చి పరీక్షించునప్పుడు, చేపల టోకు బజారు దగ్గరి నీట దాని జాడ మెండుగా కనబడెను. బజారులో కడిగిన నీరు అఖాతమున పడుటయే అందులకు కారణమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పరీక్షించువాని చేతినుండి, పాత్రనుండి వచ్చి చేరిన తునకయు అబద్ధసాక్ష్యము చెప్పును. అందుచేతనే నౌకపై సముద్రపు నీటితోపాటు శుద్ధమైన నీటిని గూడ అదే రీతిని వడపోసి పరీక్షింతురు. ఆ శుద్ధజలమున చేప కనబడినచో పనిలో ఎచ్చటనో తప్పు దొరలినదని యర్థము.

వ్రాతను పోల్చు పట్టిక పూర్తిగా లేనిచో, చదివిన వ్రాత ఎవరిదో తెలియదు. దగ్గరి చుట్టములైన జాతుల వ్రాత ఆ చిన్న తునకలో ఒక్కటిగనే యుండుటయు కలదు. పసిఫిక్ తీరపు రాక్‌ఫిష్ వర్గములో ఇట్టివి అనేకము. చేప విడుచు జాడయు ఎల్లప్పుడు ఒకే కొలతగా నుండదు. ఈనిక కాలమున అది పెరుగును.

అన్నిటికన్న పెద్ద కొరత వేరొకటి. నీటిలోని జాడ చేప వయస్సును చెప్పదు. పది పెద్ద చేపలా, వేయి పిల్లలా యనునది చెప్పదు. వేటను నిర్ణయించువారికి ఇది ప్రాణప్రదమైన విషయము. పిల్లలు పెరిగి గ్రుడ్లు పెట్టక మునుపే పట్టివేసినచో మరుసటి తరము లేదు. వయస్సును తెలిసికొనుటకు చేపను పట్టి, దాని చెవిలోని చిన్న రాతిపై చెట్టు మానులోని వలయములవంటి రేఖలను లెక్కింపవలసినదే. కావున వల పని తీరలేదు, రేవులోని లెక్క పనియు తీరలేదు. పరిసర డి.ఎన్.ఏ. న్యాయాధిపతి కాదు, సాక్షి మాత్రమే. కాని ఇతర సాక్షులు పోలేని చోటులకు పోగలిగిన సాక్షి.

ఆ చోటు లేవి? వల దింపరాని రాతినేల, పగడపు దిబ్బ, వేట నిషిద్ధమైన అభయప్రాంతము. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుచున్నారు. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధిపొందుటకై విధించిన విరామ మది. ఆ దినములలో రేవున దిగు మరపడవ లేదు గనుక రేవు లెక్కకు అవకాశము స్వల్పము. నీరు ముంచుటకు మాత్రము నిషేధములేదు. దానివలన ఒక్క చేపపిల్లకును హానిలేదు. విరామకాలమున ఏయే జాతులు ఎచ్చట చేరుచున్నవో నెలనెల చూచుటకు ఇట్టి పద్ధతి తగియున్నది. అందులకు ముందు మన సముద్రపు చేపల వ్రాతల పట్టికను నిండుగా సిద్ధపరచుకొనవలెను. పట్టిక లేని పరీక్ష నిఘంటువు లేని చదువు వంటిది.

మరియొక మేలు కలదు. ట్రాలరు సర్వేకు పెద్ద నౌక కావలెను. నీరు ముంచుటకు సీసా, వడపోత, శుభ్రమైన చేతులు చాలును. మిగిలిన పని ప్రయోగశాలది. జపానులో శాస్త్రజ్ఞులతోపాటు సామాన్య పౌరులును తీరములలో నీరు ముంచి ఇచ్చుచున్నారు. వారి నమూనాల ఫలితములును చేరిన అనిమోన్ అను సమాచారనిధిని 2022లో అందరకు తెరచిపెట్టిరి.

ఇచ్చట మనకు న్యూఫౌండ్లండు చిన్నపడవల జాలరులు జ్ఞప్తికి వత్తురు. చేప తగ్గుచున్నదని వారు చెప్పిన మాట నిజమే. కాని అంకెల యెదుట మాట నిలువలేదు. వారి చేతిలో ఆనాడు ఇట్టి సీసా యుండి, ఏటేట ఒకే తావున నీరు ముంచి పంపగలిగి యుండినచో, జాడ పలుచనగుట అందరకు అంకెలలో కనబడి యుండెడిదేమో! కాడ్ దక్కి యుండెడిదని మేము చెప్పజాలము; నిర్ణయము చేయువారు వినని సాక్ష్యమువలన ఫలములేదు. కాని సముద్రమును దినదినము చూచు జాలరి మాటను ప్రయోగశాల యంత్రముచేత గూడ పలికింపగల సాధన మొకటి నేడున్నది. గేదె యింకను మడుగులోనే యున్నది. మడుగు నీరు మాత్రము దానిని గూర్చి చెప్ప మొదలిడినది. ఆ మాటను ఇతర సాక్ష్యములతో సరిచూచుకొని విన్నవారికి బేరమున నష్టము తగ్గును. రేపటి తరపు పడవకు చేప మిగులును.